అర్ధరాత్రి వడ్డన
(బరంపురం తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఆహ్వానపత్రిక అందాక ఒకరిద్దరు పెద్దలు ఫోను చేశారు. "జపాను బొమ్మల కథల్లో వంటలేమిటండీ, అదీ మాష్టారి పేరు మీద జరిగే ఉపన్యాసంలో?" అన్నారు. అడగవలసిన మాటే. మాష్టారు జీవితమంతా ప్రబంధాలు పాఠం చెప్పిన మనిషి. బొమ్మల కథ ఆయన చేతిలో ఎవరూ చూసి ఉండరు. అయితే ఆయన క్లాసులో కూర్చున్నవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. భోజన వర్ణన రాగానే చాలామంది పంతుళ్ళు "ఇవన్నీ వంటకాల పేర్లర్రా" అని పేజీ తిప్పేస్తారు. ఈయన అక్కడే చతికిలబడేవారు. వండిందెవరు, వడ్డించిందెవరు, ముందు తిన్నదెవరు, అడుగూబొడుగూ తిన్నదెవరు అని అడిగేవారు. ఆ ప్రశ్నల్నే జపాను దాకా తీసుకుపోయి మళ్ళీ గంజాం తీసుకొద్దామని నా ప్రయత్నం.

జపానులో బొమ్మల కథను మాంగా అంటారు. చందమామ చదివి పెరిగిన మనకు బొమ్మలుంటే పిల్లల పుస్తకమే. అక్కడ అలా కాదు. రైల్లో ఆఫీసుకు పోయే గుమాస్తాకో పత్రిక, కాలేజీ కుర్రాడికో పత్రిక, ఇల్లాలికో పత్రిక ఉంటాయి. ఇన్ని రకాల మధ్య వంట కూడా ఒక శాఖగా స్థిరపడింది. 1973లో 'షోనెన్ జంప్' వారపత్రికలో మొదలైన 'హోచోనిన్ అజిహెయ్' ఈ శాఖకు తొలి మెట్లలో ఒకటి. అందులో తండ్రి సంప్రదాయ వంటలో చెయ్యి తిరిగినవాడు. కొడుకేమో మామూలు జనం తినే వంటలే చేస్తానని కత్తి పట్టుకుని బయల్దేరతాడు. ఆ తర్వాత వంటల పోటీలు, న్యాయనిర్ణేతలు, గెలుపోటములు ఈ శాఖకు ముడిసరుకైపోయాయి. 2012 నుంచి 2019 దాకా వచ్చిన 'షొకుగెకి నో సోమా'లో ముద్ద నోట్లో పెట్టగానే తిన్నవాళ్ళు గాల్లో తేలిపోతారు. కుర్రవాళ్ళకు సరదా. నా వయసువాళ్ళకు నాలుగు సంపుటాల తర్వాత ఆయాసం.

నిలిచి మాట్లాడవలసింది 'ఒయిషిన్బో' గురించి. కథ కారియా తెత్సు, బొమ్మలు హనసాకి అకిరా. 1983లో 'బిగ్ కామిక్ స్పిరిట్స్'లో మొదలై వంద సంపుటాలు దాటింది. ఒక దినపత్రిక తన శతజయంతికి 'పరమోత్తమ భోజనం' అనే పట్టిక తయారు చేయాలనుకుంటుంది. ఆ పనికి ఉద్యోగుల్లోంచి ఎవరిని పెట్టాలో తేల్చుకోవడానికి అందరికీ నీళ్ళూ, సోయా పాలతో చేసే తోఫూ రుచి చూపిస్తారు. ఏ నీరు ఎక్కడిదో, ఏ తోఫూ ఎలాంటిదో ఇద్దరే చెప్పగలుగుతారు. ఒకడు యమఓకా షిరో. బద్ధకస్తుడు, ఆఫీసులో కునికిపాట్లు పడేవాడు. రెండోది కురితా యూకో, కొత్తగా చేరిన అమ్మాయి.

ఈ బద్ధకస్తుడికి అంత నాలుక ఎక్కడిది? తండ్రి దగ్గరనుంచి వచ్చింది. తండ్రి కైబారా యూజాన్ కుమ్మరి పనిలోనూ, చిత్రలేఖనంలోనూ, భోజనంలోనూ దేశంలో పేరు మోసిన మహానుభావుడు. కితాఓజీ రోసాన్జిన్ అనే నిజమైన కళాకారుడి నీడ ఈ పాత్ర మీద ఉంది. 1883లో పుట్టి 1959లో పోయిన ఆ మనిషి పింగాణి చేశాడు, అక్షరాలు రాశాడు, తోక్యోలో భోజనప్రియుల సంఘం నడిపాడు. కథలోని తండ్రి ఇంట్లో ముద్ద ముద్దకీ తప్పు పట్టేవాడు. వండినది మళ్ళీ వండించేవాడు. అలా వండి వండి అమ్మ ఆరోగ్యం పోయి చచ్చిపోయిందని కొడుకు నమ్మకం. తండ్రి చేసిన పాత్రలూ బొమ్మలూ పగలగొట్టి, చింపి, ఇల్లు వదిలి, అమ్మ పుట్టింటి పేరు పెట్టుకుని బతుకుతున్నాడు. ఇంతలో పోటీ పత్రిక 'సర్వోన్నత భోజనం' అని ఇంకో పట్టిక మొదలుపెట్టి దానికి తండ్రిని పిలిచింది. అక్కడినుంచి తండ్రీకొడుకులు కలుసుకునే చోటు వడ్డించిన బల్ల ఒక్కటే.

ఈ మాంగా అంతా పోటీలే కనుక కొంత దూరం వెళ్ళాక విసుగొస్తుంది, ఆ మాట దాచను. తండ్రి బింకం, కొడుకు ఉక్రోషం, మధ్యలో చేపల గురించి పాఠాలు. విసుగొచ్చిన చోట కూడా నన్ను పట్టి ఉంచింది ఒకటుంది. తండ్రీకొడుకులు ఒకరినొకరు తిట్టుకోవడానికైనా వంటకం గురించే మాట్లాడతారు. "నీ పులుసులో ఇది లోటు" అని తండ్రి అంటే అందులో "నిన్ను నేను పెంచాను" అన్న అహంకారం ఉంటుంది, "ఇంకా నిన్ను గమనిస్తున్నాను" అన్న దిగులూ ఉంటుంది. చాలాసార్లు తండ్రే గెలుస్తాడు. నాలుక చురుకుతనంలో ఇద్దరూ ఒకటే. తినేవాడి పరిస్థితి ఏమిటని ఆలోచించడంలో తండ్రి ఒక అడుగు ముందుంటాడు. ఇంట్లో భార్య విషయంలో ఆ ఆలోచన ఏమైందన్నది కథ చాలాకాలం కొడుకు నోటితో అడుగుతూనే ఉంటుంది. మన ఇళ్ళలోనూ తండ్రితో మాటల్లేని కొడుకులకు కొదవలేదు. "నాన్నగారిని భోజనానికి లెమ్మను" అని తల్లి ద్వారా కబురు పంపే ఇళ్ళు మన వీధుల్లోనే ఉండేవి. తల్లి లేకపోతే కబురు మోసేదెవరు? 'ఒయిషిన్బో'లో ఆ పని యూకో చేస్తుంది. షిరోను పెళ్ళాడి, మామగారికీ మొగుడికీ మధ్య రాకపోకలు మొదలుపెడుతుంది.

2014లో ఈ కథను ఫుకుషిమా తీసుకెళ్ళారు. అణువిద్యుత్ కేంద్రం చూసొచ్చాక నాయకుడికి ముక్కులోంచి రక్తం కారిందని గీశారు. దేశమంతా గొడవైంది, ధారావాహిక ఆగిపోయింది. నేల పాడైతే భోజనం మాట ఏమిటన్న ప్రశ్న న్యాయమైనదే. దాన్ని అలా అడగడం మాత్రం ఆ ప్రాంతపు రైతుల నోట్లో మట్టి కొట్టడమేనని చాలామంది అన్నారు. నేనూ ఆ పక్షమే.

పోటీ అక్కర్లేని ఇంకో మాంగా ఉంది, 'షిన్యా షొకుదో'. 2006లో మొదలైంది. గీసిన ఆబె యారో ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేసి, నలభై దాటాక మాంగాలోకి వచ్చినవాడు. తోక్యోలో షిన్‌జుకు సందుల్లో చిన్న పూటకూటి అంగడి. రాత్రి 12కు తీస్తారు, పొద్దున్న 7కు మూస్తారు. గోడ మీది పట్టీలో ఉన్నది ఒకే భోజనం, పందిమాంసం వేసిన మిసో పులుసుతో. మిగతావి బీరు, సాకే, షోచూ. నడిపే ఆయన్ని అందరూ మాస్టర్ అంటారు. పేరు చెప్పరు. కంటి మీదుగా పాత కత్తిగాటు ఉంటుంది, దాని కథా చెప్పరు. ఇంట్లో సరుకుంటే ఎవరేం అడిగినా చేసి పెడతాడు.

ఒక్కో కథ పది పేజీలకు అటూ ఇటూ. ఒక్కో మనిషికి ఒక్కో వంటకం. ర్యూ అనే రౌడీ ఎప్పుడూ ఎర్ర సాసేజీలే అడుగుతాడు. చిన్నపిల్లల డబ్బాలో పెట్టినట్టు, అష్టపాది కాళ్ళలా చీల్చి వేయించినవి. నల్ల కళ్ళద్దాల మనిషి, పక్కన అనుచరుడు, ముందు బుల్లి సాసేజీలు. అదే బల్ల దగ్గర కొసుజు కూర్చుంటాడు. మగవాళ్ళను ప్రేమించే మగవాడు, ఆ పేటలో బార్ నడుపుతాడు, తీపి వేసి చుట్టిన గుడ్డట్టు అడుగుతాడు. ఒకరోజు వీడి పళ్ళెంలోంచి వాడికి రెండు, వాడి పళ్ళెంలోంచి వీడికి రెండు వెళతాయి. స్నేహం మొదలైందని ఎవరూ చెప్పరు. ఆ తర్వాత పక్కపక్కన కూర్చోవడం చూస్తాం, అంతే.

పెళ్ళికాని ముగ్గురు స్నేహితురాళ్ళుంటారు. అన్నం మీద వేడి టీ పోసుకుని తినే ఒచజుకే ముగ్గురికీ ఇష్టం. ఒకరికి ఉప్పులో ఊరిన ఉమె కాయతో, ఒకరికి చేపగుడ్లతో, ఒకరికి సాల్మన్ ముక్కతో. గిన్నె ఒకటే, మీద వేసుకునేది వేరు. ముగ్గురిలో ఒకరికి మగవాడు తారసపడేసరికి ఆ ముగ్గురూ ఒకేసారి రావడం మానేస్తారు. ఇంకో కథలో పేరు రాని గాయని వేడన్నం మీద ఎండుచేప తురుమూ సోయా రసమూ వేసుకుని తింటుంది. పిల్లికి పెట్టే అన్నం అని దానికి పేరు. పాట జనంలోకి వెళుతుంది, ఆమె మాత్రం మిగలదు. మరొకటి భోజన విమర్శకుడి కథ. ఎంత గొప్ప వంటకానికైనా వంక పెట్టే ఆయన, ఒక ముసలి వీధిపాటగాడు అడిగే వెన్న అన్నం ముందు నోరు మూసుకుంటాడు. వేడన్నంలో వెన్న పెట్టి, అది కరిగేదాకా ఆగి, నాలుగు చుక్కలు సోయా వేసుకోవడమే దానికి పాకశాస్త్రం. ఆ పాటగాడు విమర్శకుడి చిన్నతనంలో ఆయన అక్కతో తిరిగినవాడు. విమర్శకుడి నాలుక అప్పటినుంచీ వెతుకుతున్నది ఈ అన్నాన్నే.

ఇందులో వంటకం మనిషికి గుర్తు, నిజమే. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది అడగడం. మాస్టర్ అంగట్లో ప్రతివాడూ తనకేం కావాలో నోరు తెరిచి చెప్పాలి. రౌడీ కూడా నాకు పిల్లల సాసేజీ కావాలని పదిమందిలో చెప్పాలి. మన సంప్రదాయంలో అడగడం లేదు. మన భోజనంలో కథ అంతా వడ్డించే చేతిలో ఉంటుంది. ఎవరికి ముందు, ఎవరికి కొసరి, ఎవరికి గరిటె ఎత్తి పట్టుకుని, ఎవరికి ఆకు చివర. తినేవాడికి ఏది ఇష్టమో వడ్డించేవాళ్ళకు తెలిసి ఉండాలి. తెలిసి వెయ్యకపోతే అదీ ఒక మాటే. అందుకే మన రచనల్లో వంటకాల పేర్లు దండిగా ఉన్నా, వంటకం ఒక మనిషిని చెప్పే సందర్భాలు తక్కువ. వడ్డన మనిషిని చెప్పే సందర్భాలు కొల్లలు.

మాష్టారికి ఇష్టమైన 'ఆముక్తమాల్యద'కు వద్దాం. కృష్ణదేవరాయలు మన గజపతి మీదికి దండెత్తి వస్తూ దారిలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగాడు. అక్కడ ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఈ కావ్యం రాయమన్నాడని అవతారికలో చెప్పుకున్నాడు. అంటే ఈ కావ్యానికి కళింగ యుద్ధం తోడబుట్టింది. అంత సైన్యాన్ని నడుపుతున్న రాజు కావ్యం మొదట్లోనే ఒక పేద వైష్ణవుడి వంటింట్లోకి వెళ్ళాడు. విలిపుత్తూరులో విష్ణుచిత్తుడి ఇంటి దగ్గర నడిరేయి చెవి పెడితే ఏం వినిపిస్తుందో రాశాడు. విష్ణుకథలు వినిపిస్తాయి, ద్రవిడ ప్రబంధాల పారాయణ వినిపిస్తుంది, ఆ రెంటి మధ్య ఇంటాయన అతిథుల్ని బతిమాలడం వినిపిస్తుంది. కూరలు ఎక్కువ లేవు, ఉన్నవీ వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నమూ అంత బాగా లేదు, దయచేసి భోంచేయండి అని. ఆ వేళకూ మనుషులు వస్తూనే ఉన్నారు, పొయ్యి వెలుగుతూనే ఉంది. మాస్టర్ అంగడికి ఇంతకంటే పాత చుట్టరికం నాకు కనిపించలేదు. అక్కడ ఏం కావాలో అతిథి అడుగుతాడు. ఇక్కడ ఏం లేవో గృహస్థు చెప్పుకుంటాడు.

తర్వాత మూడు కాలాలకు మూడు భోజనాలు. ఎండాకాలం గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, లేతకొబ్బరి నీళ్ళు, నీరుమజ్జిగ. చలికాలం మిరియాల పొడి దట్టించిన చుర్రుమనే కూరలు, ముక్కు దిబ్బడ వదిలించే ఆవ పచ్చళ్ళు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి. వానాకాలం వరి అన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు పొగిపిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు. కాలేజీలో ఈ జాబితాల మీదే మార్కులు. మాష్టారు మాత్రం వానాకాలం పద్యంలో ఒక చిన్న ముక్క దగ్గర ఆపేవారు. ఆకాశం నీటిబుగ్గై జడివాన పట్టిన రోజుల్లో కట్టెలు తడిసి పొగ చిమ్ముతాయి. ఇల్లాలి కళ్ళలోకి పొగ పోకుండా ఎండు కొబ్బరి పొరియలు పొయ్యిలో పెట్టి వండుతున్నారట. వంటకాల పేర్లన్నీ తీసేసినా ఆ ఒక్క ముక్క చాలు, ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల సంగతి తెలియడానికి. చక్రవర్తికి పొగ సంగతి ఎలా తెలిసిందో నాకు తెలియదు కానీ తెలిసింది. ఆ ఇల్లాలు ఎప్పుడు తిన్నదో, ఏం తిన్నదో మాత్రం ఆయనా రాయలేదు. యూజాన్ భార్య కథ మన దగ్గర రాయని చోట్లలో ఉంటుంది.

రాయల చలికాలపు ఆవ పచ్చళ్ళ దగ్గర ఇంకొక్క మాట చెప్పి బరంపురం వస్తాను. గోదావరి దాటి ఉత్తరానికి వచ్చేకొద్దీ తెలుగువాడి వంటలో ఆవ ఘాటు పెరుగుతుంది. పనసపొట్టు కూరలో ఆవ, పెరుగు పచ్చడిలో ఆవ, కంద బచ్చలిలో ఆవ. ఇచ్ఛాపురం దాటేసరికి అదే ఆవ ఒడియా ఇంట బేసర అయి చేపల మీదికి ఎక్కుతుంది. ఇక్కడి తెలుగిళ్ళలో తరవాణి కుండ ఒక మూల ఉంటే, పక్కింట్లో పఖాళ ఉంటుంది. మొన్నమొన్నటి దాకా చద్దన్నం తిన్నామని చెప్పుకోవడానికి మొహమాటపడ్డ మనవాళ్ళు, మార్చి 20న ఒడియావాళ్ళు పఖాళ దినం అని ఘనంగా జరుపుతుంటే ఇప్పుడు పక్కన కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. సంతోషమే. పొద్దున్న ఒకే దొప్పలో పూరీ, ఉప్మా, గుగ్ని కలిపి పెట్టే ఊరికి ఎల్లలు పట్టవు. 1936లో రాష్ట్రాల గీత గీసినప్పుడు గంజాం జిల్లాను చీల్చారు. దొప్పను చీల్చలేదు.

ఒడిశాలో ఉంటూ భోజనానికీ బంధుత్వానికీ ఉన్న లంకె గురించి మాట్లాడేటప్పుడు పూరీ జగన్నాథుడి మహాప్రసాదాన్ని దాటి పోలేం. మట్టికుండల్లో, కట్టెల పొయ్యి మీద వండిన అన్నం స్వామికీ, ఆపైన విమలాదేవికీ నివేదన అయ్యాక మహాప్రసాదం. ఆనందబజారులో కొనుక్కుని కూర్చుంటే పక్కన ఏ కులంవాడు కూర్చున్నాడని అడగరాదు, ఎంగిలి అనరాదు. ఇంతవరకు మనందరికీ తెలుసు. ఈ అన్నం చేతిలో పెట్టుకుని పెళ్ళి సంబంధం ఖాయం చేసుకోవడం, ఎండబెట్టిన మెతుకులు ఇంట్లో దాచుకుని పోయే ప్రాణానికి నోట్లో వేయడం ఇక్కడి తెలుగిళ్ళు చాలావాటికి అలవాటైన ఆచారాలే. ఒడియా పల్లెల్లో ఇంకోటుంది. ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు మహాప్రసాదం తినిపించుకుంటారు. ఆ రోజునుంచి పేరు పెట్టి పిలుచుకోరు, ఒకరినొకరు "మహాప్రసాద్" అనే పిలుచుకుంటారు. పెళ్ళికీ చావుకీ అయినవాళ్ళలా నిలబడతారు. కులం వేరైనా సరే. ఒక ముద్ద అన్నం మనిషికి పేరైపోయిన సందర్భం జపాను మాంగాలో కూడా నేను చూడలేదు. ర్యూ, కొసుజు పళ్ళేలు మార్చుకున్నాక కూడా ర్యూ, కొసుజులే.

ఇదే నేల మీద ఇంకో అన్నం కథ ఉంది. 1866 కరువు. ఒడియావాళ్ళు న'అంక దుర్భిక్షం అంటారు. పది లక్షలమంది పోయారని, అంటే అప్పటి ఒరిస్సా జనాభాలో సుమారు మూడోవంతు అని చరిత్రకారులు లెక్కేస్తారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజానికీ ఆ దెబ్బ తగిలింది. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి ఆత్మకథలో ఆ రోజులు ఉన్నాయి, గుండె గట్టిగా ఉన్నప్పుడు చదవండి. సర్కారు అన్నఛత్రాలు తెరిచింది. ఆకలికి తాళలేక అక్కడ వండిన అన్నం తిన్నవాళ్ళు బతికారు. బతికి ఇంటికెళితే కులం లేదు. "ఛత్రఖియా" అన్నారు, ఛత్రంలో తిన్నవాడని. ఆ పేరుతో వాళ్ళు వేరే జనమైపోయారు.

రెండూ ఉడికిన బియ్యమే. ఒకటి పరాయివాణ్ణి చుట్టాన్ని చేసింది. రెండోది సొంతవాణ్ణి పరాయివాణ్ణి చేసింది. కనుక సాహిత్యంలో వంటకాన్ని చూడగానే ఇది దేనికి సంకేతమని వెతికే అలవాటు నాకు అంతగా నచ్చదు. ఎర్ర సాసేజీ అంటే బాల్యం, వెన్న అన్నం అంటే పోయిన ప్రేమ అని పట్టిక రాసుకుంటే మాంగా చచ్చిపోతుంది. చూడవలసింది ఏ చేయి పెట్టింది, ఏ చోట పెట్టింది, చూస్తున్నవాళ్ళెవరు అన్నది. మాస్టర్ అంగడి ఆనందబజారు కూడా కావచ్చు, ఛత్రమూ కావచ్చు. తాను వేసే ప్రశ్నలు తగ్గించుకుని, అడిగింది పెట్టి, మాస్టర్ దాన్ని ఛత్రం కాకుండా కాచుకుంటాడు.

ఈ ఊరి బుఢీ ఠాకురాణీ యాత్ర సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మహురీ రాజు పిలుపు మీద తెలుగుదేశం నుంచి వచ్చి స్థిరపడ్డ డేరా నేతవాళ్ళు, వాళ్ళ కులపెద్ద దేశిబెహెరా ఇల్లు, ఆ ఇంటి ఆడపడుచుగా రెండేళ్ళకోసారి చైత్రంలో పుట్టింటికి వచ్చే అమ్మవారు. దేవత ఆడపడుచు అయితే భక్తి మర్యాద వేరు. పుట్టింటికి వచ్చిన పిల్లకు పెట్టే అన్నంలో గౌరవం కంటే చనువు ఎక్కువ. మొక్కు తీర్చేవాడు కూడా చెల్లెలికి చీర పెట్టినట్టు మాట్లాడతాడు. వలస వచ్చినవాళ్ళు కొత్త ఊళ్ళో వేరు తన్నుకోవడానికి దేవతను కూతుర్ని చేసుకోవడం కంటే తెలివైన పని ఇంకోటి ఉందా?

పూటకూళ్ళు పెట్టేవాళ్ళకు మన సాహిత్యం చేసిన మర్యాద మాత్రం అంత గొప్పది కాదు. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఉంది. మాస్టర్‌కు లాగానే ఆవిడకూ పేరు లేదు. విధవ, నలుగురికి వండిపెట్టి బతుకుతోంది. గిరీశం ఆవిడ అన్నం తిన్నాడు, ఆవిడ సొమ్మూ తిన్నాడు. చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చేసరికి మంచం కింద దూరాడు. దెబ్బ రామప్పంతులుకు తగిలింది, మనం నవ్వాం. గురజాడ ఆవిడను అవమానించలేదు. ఆవిడ కోపం న్యాయమని ఆయనకు తెలుసు. కానీ ఆవిడ పూటింటికి రోజూ వచ్చే ముసాఫిర్లు ఎవరు, ఎవరికేం కావాలనేవారు, ఎవరికి అరువు ఇచ్చింది అన్న నాటకం తెలుగులో రాయకుండా మిగిలిపోయింది. షిన్‌జుకులో మగవాడు ఆ పని చేస్తే తత్వవేత్త. విజయనగరంలో ఆడది చేస్తే లోకానికి చులకన.

వంటింటి మీద ఆడవాళ్ళు రాయడం మొదలుపెట్టాక స్వరం మారింది. విమల 'వంటిల్లు' కవిత చదివినవాళ్ళకు వంటింటి వాసన మళ్ళీ మునుపటిలా ఉండదు. అమ్మ చేతి వంట అంటూ మగవాళ్ళం కళ్ళు తుడుచుకునే చోట ఆమె అమ్మ చేతుల్నే చూసింది. కొబ్బరి పొరియల మాట దగ్గర ఆగిన మాష్టారు ఆ కవితనూ క్లాసులో చదివించారు. సిలబసులో లేదని పైవాళ్ళు అన్నారని విన్నాను.

జపానులో దీనికి జవాబులాంటి మాంగా యోషినాగా ఫుమి గీసింది. 2007లో మొదలైన 'కినో నాని తబెతా?' అంటే నిన్న ఏం తిన్నావని. కకెయ్ షిరో లాయరు, యబుకి కెంజీ క్షవరశాలలో పనివాడు, ఇద్దరూ కలిసి కాపురముంటారు. లాయరుగారు సాయంత్రం సంచీ పట్టుకుని చవక ధర ఎక్కడుందో వెతికి, నెల ఖర్చు దాటకుండా కూరా పులుసూ చేస్తాడు. తమ సంబంధం గురించి ఆఫీసులో నోరు విప్పలేని మనిషి ఇంటికొచ్చి మూడు గిన్నెలు పొయ్యి మీద పెడతాడు. కెంజీ ప్రతి ముద్దకీ బాగుందంటాడు. పోటీ లేదు, గాల్లో తేలడం లేదు. ముల్లంగి ధర ఉంటుంది. వండేవాడు పాత్ర అయినప్పుడు కథలోకి ధర కూడా వస్తుంది. ప్రబంధ కవులు వదిలేసింది అదే.

ఇక మన గంజాం మగవాళ్ళ వంట. మన పల్లెల నుంచి లక్షల్లో జనం సూరత్ మరమగ్గాల మీద ఉన్నారు. 12 గంటల షిఫ్టు. ఉండేది మెస్‌లలో. ఒకే గది, పగటి షిఫ్టువాడు లేచిన చోటే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. నడిపేవాడు తరచూ గంజాంవాడే. అన్నం, పప్పు, ఒక కూర. నెలకు ఇంతని కడితే చోటూ తిండీ రెండూ. అదే ఊళ్ళో తెలంగాణ పద్మశాలీల మగ్గాలూ ఉన్నాయి, కనుక తెలుగు మాటా వినిపిస్తుంది. 2020 మే నెలలో కరోనా లాక్‌డౌన్ వేళ సూరత్ నుంచి ప్రత్యేక రైళ్ళు ఇక్కడ జగన్నాథ్‌పూర్ స్టేషనుకు వచ్చినప్పుడు దిగినవాళ్ళను మీరు చూశారు. సొంత ఊరి బడిలోనే కొన్నాళ్ళు వేరుగా ఉంచి అన్నం పెట్టారు. దూరం నుంచి చూసి కొందరు మొహం తిప్పుకున్న మాట కూడా నిజం. నాకు ఛత్రఖియాల సంగతి గుర్తుకొచ్చింది. అంతదాకా పోలేదు, అది మన అదృష్టం.

షిన్యా షొకుదోకు కావలసినవన్నీ ఆ మెస్‌లో ఉన్నాయి. తెల్లవారుజామున ఆరిపోని పొయ్యి ఉంది. పేరు చెప్పని మెస్ యజమాని ఉన్నాడు. పప్పులో ఆవ ఘాటు కావాలని అడిగేవాడు, పఖాళలోకి ఊరినుంచి తెచ్చిన బరంపురం పచ్చడి సీసా ఎవరికీ చూపించకుండా పెట్టె అడుగున దాచుకునేవాడు, ఆ సీసా కనిపెట్టి తన అప్పడాలు ఇచ్చి సగం పుచ్చుకునేవాడు ఉండకపోరు. లేనిదల్లా రాసేవాడే. ఈ సభలో కుర్రవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో కొందరి అన్నదమ్ములు అక్కడే ఉన్నారని కూడా తెలుసు. తెలుగులో రాస్తారో, ఒడియాలో రాస్తారో, బొమ్మలే గీస్తారో వాళ్ళ ఇష్టం. సెలవులకు వచ్చినప్పుడు ఆ అన్నదమ్ముల్ని అడగండి. ఏం తిన్నావని కాదు, అది అందరూ అడుగుతారు. ఎవరు వడ్డించారని అడగండి.

 ప్రశ్నలుంటే అధ్యక్షులవారి అనుమతితో ఇప్పుడే తీసుకుంటాను. భోజనాలు ఆ తర్వాత.